తీగ దగ్గర తేలే లెక్క

ఈ-సిగరెట్ గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చంతా సీసాలోని ద్రవం చుట్టూనే తిరుగుతుంది. నికోటిన్ ఎంత ఉంది, మామిడి వాసనా పుదీనా వాసనా, పిల్లలను ఆకర్షించేలా ఉందా అని అడుగుతారు. ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఆ ద్రవాన్ని ఎవరూ తాగడం లేదు. అది సన్నని లోహపు తీగ మీద వేడెక్కి, తుంపరగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళుతోంది. లోపలికి పోయేది ఏమిటన్నది సీసాలో సగమే నిర్ణయమవుతుంది, మిగతా సగం తేలేది తీగ దగ్గర. ఆ తీగను ఏ లోహంతో చేశారు, ఎంత పొడవు చుట్టారు, దానికి ఎంత కరెంటు ఇస్తున్నారు, దానికి ద్రవాన్ని అందించే దూది తడిగా ఉందా అన్న నాలుగు విషయాలు తెలియకుండా ఏ వేపింగ్ పరికరం గురించీ మంచీ చెడూ చెప్పలేం. ఈ సంగతిని అందరికన్నా ముందు గ్రహించినవాళ్లు శాస్త్రవేత్తలూ కాదు, అధికారులూ కాదు. ఆ తీగలను ఇంట్లో కూర్చుని చేత్తో చుట్టుకున్న అభిరుచిపరులు. వాళ్ల పనితనాన్ని జాగ్రత్తగా చూస్తే ఈ పరికరాల మీద చట్టాలు ఎక్కడ తడబడుతున్నాయో కూడా కనిపిస్తుంది.

ఆ తీగ మన ఇళ్లకు కొత్తది కాదు. ఇస్త్రీపెట్టెలో, టోస్టర్‌లో, హాస్టల్ గదుల్లో వార్డెన్ కంటపడకుండా దాచుకునే కాయిల్ స్టవ్వులో ఎర్రగా కాలేది ఈ జాతి తీగే. నికెల్, క్రోమియం కలిపిన నైక్రోమ్‌కు అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంట్ పొందాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంథాల్ ఆ తర్వాత స్వీడన్‌లో పుట్టింది. ఇంత వేడిలోనూ ఇవి తుప్పుపట్టి రాలిపోకుండా నిలవడానికి కారణం వేడెక్కినప్పుడు పైన ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. చైనా ఫార్మసిస్ట్ హాన్ లిక్ 2003 ప్రాంతంలో ఈ-సిగరెట్‌కు రూపం ఇచ్చినప్పుడు ద్రవాన్ని అల్ట్రాసౌండ్ కంపనాలతో తుంపర చేయాలనుకున్నాడు. బజారులో నిలదొక్కుకున్నది మాత్రం తీగను వేడిచేసే పద్ధతే. కంపెనీలు అమర్చి ఇచ్చిన తొలినాటి తీగలు చిన్నవి, వాటి ఆవిరి పలుచన. సిగరెట్ మానేయాలని వీటికి మారినవాళ్లకు అది చాల్లేదు. దాంతో విప్పి మళ్లీ కట్టుకోగల పరికరాలు వచ్చాయి. 2010 తర్వాతి కొన్నేళ్లలో అమెరికా, బ్రిటన్, గ్రీస్, ఫిలిప్పీన్స్, మలేషియాలలో ఇదొక చేతిపనిగా పెరిగింది. గ్రీస్, ఫిలిప్పీన్స్‌లలోని చిన్న వర్క్‌షాపుల్లో లేత్ మీద తీసిన ఇత్తడి, రాగి గొట్టాలను ఇతర దేశాలవాళ్లు వెతికి మరీ కొనుక్కునేవారు.

పని చూడటానికి చిన్నది. మూడు మిల్లీమీటర్ల లావున్న ఉక్కు పుల్ల చుట్టూ తీగను ఐదారు చుట్లు చుడతారు, ఆ చుట్టే కాయిల్. రెండు కొసలనూ పరికరంలోని బిగింపుల్లో దూర్చి చిన్న స్క్రూలతో బిగిస్తారు. ఓమ్ మీటరుతో నిరోధం చూస్తారు. తర్వాత బటన్‌ను క్షణం సేపు నొక్కి వదిలితే తీగ ఎరుపెక్కుతుంది. అసలు నైపుణ్యం ఇక్కడే బయటపడుతుంది. చుట్లలో ఏదో ఒకచోట ముందే ఎర్రబడిందంటే అక్కడ చుట్ల మధ్య అమరిక సరిగా లేదని అర్థం. సిరామిక్ పట్టకారుతో సున్నితంగా నొక్కుతూ, దువ్వుతూ, ఎరుపు సరిగ్గా నడుమ మొదలై రెండు పక్కలకూ సమంగా పాకేదాకా సర్దుతారు. ఆ తర్వాతే దూది. కాయిల్ లోపలి నుంచి దూర్చిన దూది వత్తి బిగుతుగా ఉంటే ద్రవం పైకి ఎక్కదు, వదులుగా ఉంటే కారిపోతుంది. నూనె అయిపోయిన దీపంలో వత్తి ఎలా మాడుతుందో ద్రవం అందని చోట ఈ దూదీ అలాగే మాడుతుంది. ఆ మాడు గొంతులోకి పోతుంది. కాబట్టి మంచి కాయిల్ కట్టేవాడి గురి మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే: తీగలో ఏ మూలా మిగతా చోట్ల కంటే ఎక్కువ కాలకూడదు, ఏ మూలా దూది ఆరకూడదు.

ఈ మామూలు కాయిల్ దగ్గర మొదలై పని చాలా దూరం పోయింది. లావు తీగ మీద వెంట్రుకంత తీగను ఖాళీ లేకుండా చుట్టి, ఆ జంట తీగతో కాయిల్ కట్టడం తర్వాతి మెట్టు. గిటార్ తీగలా కనిపిస్తుంది కనుక గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పేరు మీద దాన్ని క్లాప్టన్ కాయిల్ అన్నారు. రెండు మూడు లావు తీగలను పక్కపక్కన పెట్టి కలిపి చుడితే ఫ్యూజ్డ్ క్లాప్టన్. ఇందుకు లోపలి తీగల ఒక కొసను డ్రిల్లు మిషన్‌కు బిగిస్తారు. రెండో కొసను చేపల గాలానికి కట్టే తిరుగుడు కొక్కేనికి తగిలిస్తారు, తిరిగేటప్పుడు తీగ మెలిపడకుండా. డ్రిల్లు నెమ్మదిగా తిరుగుతుంటే సన్న తీగను ఒకే కోణంలో, ఒకే బిగువులో వేలితో పట్టి నడిపించాలి. బిగువు ఏమాత్రం సడలినా చుట్టు మీద చుట్టు పడి వరస పాడైపోతుంది. అన్నిటికన్నా కష్టమైనది ఏలియన్ అని పిలిచేది. ముందు ఒక క్లాప్టన్ చుట్టి, లోపలి తీగను లాగేసి, మిగిలిన స్ప్రింగును తగినంత సాగదీసి, ఆ వంకర తీగనే మళ్లీ మూడు తీగల కట్ట మీద చుడతారు. వంకరలన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగి అలల నేతలా తేలుతుంది. ఎక్కువ సాగదీస్తే వంకరలు పోతాయి, తక్కువ సాగదీస్తే ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. భూతద్దం కింద చూడాల్సినంత చిన్న వస్తువులో ఇంత పనితనం ఉండటం నిజంగా మెచ్చుకోదగ్గది. నగిషీ చెక్కేవాళ్ల ఓపికకు ఇదేమీ తీసిపోదు. పైగా ఈ అలంకరణకు ప్రయోజనం ఉంది. చుట్ల మధ్య సందుల్లో ద్రవం నిలుస్తుంది, వేడి తగిలే ఉపరితలం పెరుగుతుంది.

ఉపరితలం ఎందుకంత ముఖ్యమో అంకెలతో చూద్దాం. 26 గేజి తీగ మందం 0.4 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల పుల్ల మీద ఆరు చుట్లకు దాదాపు 64 మిల్లీమీటర్ల తీగ పడుతుంది. దాని ఉపరితలం 80 చదరపు మిల్లీమీటర్ల పైచిలుకు. అంతకన్నా సన్నని 28 గేజి తీగను రెండు మిల్లీమీటర్ల పుల్ల మీద ఐదు చుట్లు చుడితే పొడవు 36 మిల్లీమీటర్లే, ఉపరితలం 37 చదరపు మిల్లీమీటర్లు దాటదు. రెండింటికీ సమానంగా 20 వాట్లు ఇచ్చామనుకోండి. మొదటిదానిలో ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే వేడి పావు వాట్, రెండోదానిలో అర వాట్‌కు పైనే. పరికరం తెర మీద చూపే అంకె ఒకటే, ద్రవానికి తగిలే వేడి రెట్టింపు కన్నా ఎక్కువ. అందుకే ఒక భారీ కాయిల్ మీద 80 వాట్లు మెత్తగా ఉండవచ్చు, ఒక చిన్న కాయిల్ మీద 20 వాట్లే మాడగొట్టవచ్చు. ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. వత్తి తడిగా ఉన్నంతసేపు వచ్చిన వేడిని ద్రవం ఆవిరవడానికి వాడేసుకుంటుంది, కాబట్టి తీగ ఆ దరిదాపుల్లోనే ఆగుతుంది. తడి ఆరిన మరుక్షణం ఆ అడ్డు తొలగుతుంది. తీగ కొన్ని వందల డిగ్రీలు పైకి ఎగబాకుతుంది. అప్పుడు అదే ద్రవం విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి ఘాటైన విషాలుగా మారుతుంది. సీసా మీద ఏం రాసి ఉన్నా ఈ మార్పును అది చెప్పదు.

బ్యాటరీ సంగతీ తీగతో ముడిపడిందే. చిప్ ఏదీ లేకుండా గొట్టం, బటన్, బ్యాటరీ మాత్రమే ఉన్న మెకానికల్ పరికరంలో కరెంటు ఎంత ప్రవహించాలో నిర్ణయించేది కాయిల్ నిరోధం ఒక్కటే. మనం పదో తరగతిలో చదువుకున్న ఓమ్ సూత్రం ఇక్కడ ప్రాణాల మీది లెక్క. పూర్తిగా చార్జయిన లిథియం అయాన్ బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. కాయిల్ నిరోధం 0.4 ఓమ్‌లైతే పారేది పదిన్నర ఆంపియర్లు. 0.1 ఓమ్‌కు దిగితే 42 ఆంపియర్లు. ఈ పరికరాల్లో ఎక్కువగా వాడే 18650 బ్యాటరీలలో చాలావాటికి తయారీదారు ఇచ్చే నిరంతర పరిమితి 20, 25 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. పరిమితి దాటితే బ్యాటరీ లోపల వేడి అదుపు తప్పుతుంది, గొట్టంలో ఇరుక్కున్న వాయువుకు దారి లేకపోతే పేలుతుంది. 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సాస్‌లో ఇలాంటి పేలుళ్లలో మనుషులు చనిపోయారు. 2015 నుంచి 2017 వరకు అమెరికా అత్యవసర వైద్య విభాగాలకు ఈ-సిగరెట్ పేలుళ్లతో, కాలిన గాయాలతో వచ్చినవారు రెండు వేలకు పైగా ఉంటారని పరిశోధకులు అంచనా కట్టారు. వాటన్నిటికీ కాయిలే కారణం అనడం న్యాయం కాదు. జేబులో తాళంచెవులకు తగిలిన విడి బ్యాటరీల వల్లా ఎందరో కాలారు. అయినా కాయిల్ కట్టేవాళ్లలో అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఓమ్ మీటరు చూడటం, బ్యాటరీ పరిమితికి చాలా కిందనే ఆగిపోవడం. ఆ క్రమశిక్షణ తెలియనివాళ్ల చేతిలో ఇదే కళ ప్రమాదం.

ఇక ప్రయోగశాలల సాక్ష్యం. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల వద్ద నడిపితే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేయగల సమ్మేళనాలు దొరకలేదు, 5 వోల్టుల వద్ద గణనీయంగా దొరికాయి. ప్రపంచమంతా దీన్ని పతాక శీర్షికల్లో వేసింది. వెంటనే అభ్యంతరం వచ్చింది. ఆ వోల్టేజీలో ఆ చిన్న కాయిల్ ఎండిపోతుంది, ఎండిన కాయిల్ పొగ గొంతును కోస్తుంది, ఏ మనిషీ దాన్ని పీల్చడు, యంత్రం మాత్రమే పీలుస్తుంది అని గ్రీసు వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫర్సలినోస్ బృందం అదే ఏడాది ప్రయోగం చేసి వాదించింది. ఆ వాదనలో బలం ఉంది. ఉంది గనుకే అది నేను చెబుతున్న మాటను బలపరుస్తోంది: ద్రవం మారలేదు, పరికరం మారలేదు, తీగ వేడి మారగానే ఫలితం తారుమారైంది. కానీ ఆ వాదన చెప్పినంత ధీమా నాకు లేదు. నాలుక థర్మామీటరు కాదు. మాడు రుచి తెలిసేంత ఎండక ముందు కొంత ఎండే దశ ఉంటుంది, గాఢమైన తీపీ వాసనా ఆ తేడాను కప్పేయగలవు. పైగా రుచి తెలియని విషాలూ ఉన్నాయి. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు బాల్టిమోర్ ప్రాంతంలో రోజూ వేపింగ్ చేసే 56 మంది పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నింపే సీసాలోని ద్రవంలో లోహాలు నామమాత్రం. అదే ద్రవం కాయిల్‌ను తాకి బయటికొచ్చిన ఆవిరిలో క్రోమియం, నికెల్, సీసం పెరిగాయి. సీసం మధ్యస్థ పరిమాణం సీసాలోని దానికంటే 25 రెట్లకు పైగా ఉంది. సీసానికి మాడు వాసన లేదు. ఏ నాలుకా దాన్ని పట్టుకోలేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. వేపింగ్ చరిత్రలో అతిపెద్ద విపత్తు తీగ వల్ల రాలేదు, ద్రవం వల్లే వచ్చింది కదా అని అడగవచ్చు. నిజమే. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రి పాలైనవారు 2020 ఫిబ్రవరి నాటికి 2,800 దాటారు, 68 మంది మరణించారు. ప్రధాన కారణంగా తేలింది గంజాయి సారం ఉన్న కల్తీ ద్రవాల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. కాయిల్ ఎంత బాగా చుట్టినా దాన్ని ఆపగలిగేది కాదు. కాబట్టి సీసాను వదిలేసి తీగనే చూడమని ఎవరైనా అంటే అది తప్పు. అయితే ఒక్క సంగతి గమనించాలి. ఆ పదార్థాన్ని జనం మాత్రల్లో మింగుతున్నారు, క్రీముల్లో చర్మానికి రాస్తున్నారు. వేడిచేసి పీల్చడం వేరే దారి. తినడానికి పనికొచ్చేదని ముద్రపడిన పదార్థం వేడి తీగ మీద కూడా నిరపాయమేనని అనుకోవడమే అసలు పొరపాటు. ఆహారంలో వాడే వాసన ద్రవ్యాలను ఈ సీసాల్లో పోసేవాళ్లు ఈనాటికీ అదే పొరపాటు చేస్తున్నారు.

మరో అభ్యంతరం ఇంజినీర్ల నుంచి వస్తుంది. ఉష్ణోగ్రతను అదుపుచేసే చిప్‌లు వచ్చేశాయి, సమస్య తీరిపోయిందని అంటారు. ఆ చిప్‌లు తెలివైనవే. తీగ వేడెక్కినకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, ఆ పెరుగుదలను కొలిచి, నిర్ణయించిన డిగ్రీ దాటకుండా కరెంటును తగ్గిస్తాయి. కానీ ఈ ఉపాయం నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలతోనే పనిచేస్తుంది. ఎక్కువమంది వాడే కాంథాల్ నిరోధం వేడికి దాదాపు మారదు, చిప్‌కు కొలవడానికి ఏమీ మిగలదు. పైగా చిప్ చూసేది తీగ మొత్తం సగటును, మధ్యలో ఒక్క చుట్టు దగ్గర దూది ఎండిందన్న సంగతి దానికి తెలియదు. టైటానియాన్ని ఎర్రగా కాల్చితే పైన తెల్లని ఆక్సైడ్ పొడి ఏర్పడుతుందని, అందుకే దాన్ని కాల్చి సర్దకూడదని కాయిల్ కట్టేవాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు. చిప్ మేలైన సాయమే, కానీ తీగ గురించిన జ్ఞానానికి అది బదులు కాదు.

ఇంతా చేసి సిగరెట్ కన్నా ఇది నయం కాదా అన్నది అందరూ అడిగే ప్రశ్న. సిగరెట్ కొన దమ్ము లాగినప్పుడు దాదాపు 900 డిగ్రీల దాకా మండుతుంది. మంట వల్ల పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్ లాంటివి వేపింగ్‌లో లేకపోవడమో, బాగా తగ్గడమో నిజం. పొగ మానాలనుకునేవారికి ఇది నికోటిన్ పట్టీలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుందని కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఇరవై ఏళ్లుగా రోజుకు పెట్టె కాల్చే మనిషికి ఈ పోలిక విలువైనది. ఎన్నడూ సిగరెట్ ముట్టని పదహారేళ్ల పిల్లకు అది దేనికీ పనికిరాదు, ఆ పిల్ల విషయంలో పోల్చాల్సింది శుభ్రమైన గాలితో. ఇంకో మాట. సిగరెట్ కన్నా నయం అన్న వాక్యం వేర్వేరు కాయిల్‌ల మధ్య ఉన్న తేడాను పూర్తిగా దాచేస్తుంది. తడిగా, చల్లగా నడిచే కాయిల్‌నూ మాడుతూ లోహాలు వదిలే కాయిల్‌నూ ఒకే గాటన కట్టి ఒకే తీర్పు ఇవ్వడం శాస్త్రం కాదు.

చట్టాల లోటు ఇక్కడే ఉంది. 2016 నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య నిబంధనలు నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నాయి, ట్యాంకు 2 మిల్లీలీటర్లకు, నింపే సీసా 10 మిల్లీలీటర్లకు పరిమితం చేశాయి. ఇవన్నీ ద్రవానికి గీసిన గీతలు. తీగ ఎన్ని డిగ్రీలు దాటకూడదన్న గీత వాటిలో లేదు. అది గీయడం అసాధ్యమేమీ కాదు. ఫ్రాన్స్ ప్రమాణాల సంస్థ ఆఫ్నోర్ 2015లోనే పరికరాలకూ ద్రవాలకూ స్వచ్ఛంద ప్రమాణాలు ప్రచురించి, ఆ వెంటనే ఆవిరిలో వచ్చే పదార్థాల వైపూ వెళ్లింది. ఈలోగా బజారే మారిపోయింది. 2015లో అమెరికాలో జూల్ అనే బ్రాండ్ వచ్చాక ముందే ద్రవం నింపి అమ్మే పాడ్‌లు, ఆ తర్వాత వాడి పారేసే వేప్‌లు రాజ్యమేలాయి. వాటిలోనూ ఉన్నది అదే తీగ, అదే వత్తి. తేడా ఒక్కటే, వాటిని ప్లాస్టిక్ లోపల సీలు వేసి దాచారు. చేత్తో కట్టుకున్నవాడు దూది నల్లబడితే చూస్తాడు, తీసి పారేస్తాడు. సీలు వేసిన పరికరం పట్టుకున్నవాడికి తీగ ఏ లోహమో, దూది ఎంత మాడిందో తెలిసే దారే లేదు. చేతిపనిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు, చేత్తో చుట్టిన కాయిల్ కూడా ఊపిరితిత్తులకు హామీ ఇవ్వదు. వాడేవాడికి ఉన్న కాస్త ఎరుకను కూడా ఈ మార్పు లాగేసుకుందన్నదే నా ఆవేదన. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని నిషేధించింది, చెత్తనూ పిల్లల వాడకాన్నీ కారణాలుగా చూపింది. మంచి కారణాలే. తీగ మాత్రం ఆ జాబితాలో లేదు.

మన దేశం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. తయారుచేసినా అమ్మినా మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టంలోని నిర్వచనం గమనించదగ్గది. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఒక పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి తుంపరగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరం అని రాసుకున్నారు. అంటే అసలు క్రియ వేడిచేయడమేనని మన చట్టం పట్టుకుంది. బీడీ, సిగరెట్ దర్జాగా అమ్ముడుపోతుండగా దీన్ని మాత్రమే నిషేధించడంలో పొంతన లేదన్న విమర్శకు నా దగ్గర జవాబు లేదు. కానీ పరికరాలను పరీక్షించి తీగ వేడిని కొలిచే ఏర్పాటు లేని చోట వాటిని బజారులోకి వదలకపోవడమే నయమని నా అభిప్రాయం. అమెరికాలో, బ్రిటన్‌లో, గల్ఫ్‌లో ఉంటున్న మన పిల్లల చేతుల్లోకి ఇవి సులువుగా వస్తాయి, దొంగదారిన ఇక్కడికీ వస్తూనే ఉన్నాయి. అందుకే తల్లిదండ్రులకూ యువతకూ ఒక్క విన్నపం. నికోటిన్ లేదు, పండ్ల వాసన మాత్రమే అని ఎవరైనా చెబితే అక్కడితో సంతృప్తి పడకండి. లోపలి తీగ ఏ లోహం, ఎంత వేడెక్కుతుంది, ఆవిరిని ఎవరు పరీక్షించారు అని అడగండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని పరికరాన్ని నోటి దగ్గర పెట్టుకోకండి.